బడ్జెట్ మారినప్పుడు ఇంటి లెక్కను సరిచూసుకోవడం ఎలా

ఏటా ఫిబ్రవరి 1న కేంద్ర ఆర్థిక మంత్రి ప్రసంగం ముగిసీ ముగియకముందే ఏవి చౌక, ఏవి ప్రియం అన్న పట్టికలు టీవీ తెరల మీద తిరుగుతాయి. ఆ పట్టికలను ఎంతసేపు చూసినా, వచ్చే నెల మన ఇంట్లో ఎంత మిగులుతుందో తేలదు. 2025 బడ్జెట్‌నే తీసుకోండి. రూ.12 లక్షల వరకు ఆదాయపు పన్ను ఉండదన్న ప్రకటన ఆ రోజంతా మారుమోగింది. కానీ నెలకు రూ.18 వేల జీతంతో నడిచే ఇంటికి ఆ ప్రకటన వల్ల ఒక్క రూపాయి కూడా కలిసిరాలేదు, ఎందుకంటే ఆ ఇల్లు అంతకుముందు కూడా ఆదాయపు పన్ను కట్టలేదు. ఆ ఇంటిని నిజంగా తాకినవి రెండు: ఏప్రిల్ 8న గ్యాస్ బండ మీద పెరిగిన రూ.50, సెప్టెంబరు 22 నుంచి తగ్గిన జీఎస్టీ. ఈ రెండూ బడ్జెట్ ప్రసంగంలో లేవు.

అందువల్ల ప్రసంగం నుంచి ఇంటికి రాకుండా, ఇంటి నుంచే లెక్క మొదలుపెట్టాలి. ఒక నోటుపుస్తకంలో నాలుగు పేజీలు కేటాయించండి. చేతికి రాకముందే కోతపడేది ఒక పేజీలో, చేతికొచ్చేది రెండో పేజీలో, ఖర్చు పెట్టేటప్పుడు పన్నుగా పోయేది మూడో పేజీలో, పథకం రూపంలోనో పన్ను వాపసు రూపంలోనో తిరిగి వచ్చేది నాలుగో పేజీలో రాయండి. దగ్గర ఉంచుకోవలసినవి మార్పుకు ముందూ తర్వాతా వచ్చిన రెండు జీతం చీటీలు, బ్యాంకు పాసుపుస్తకం, కరెంటు బిల్లు, దొరికితే నిరుటి కిరాణా చీటీలు. అన్ని అంకెలనూ నెలకు లెక్కగట్టి రాసుకుంటే పోల్చడం తేలిక. ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియం, బడి ఫీజు, ఆస్తి పన్ను వంటివాటిని 12తో భాగించి రాయాలి. వీటిని వదిలేయడం వల్లనే చాలా ఇళ్లలో లెక్క కాగితం మీద సరిపోతుంది గానీ జూన్ నెలలో తప్పుతుంది.

పెరిగింది శాతమా, జీతమా

ముందుగా రెండో పేజీ. ప్రభుత్వోద్యోగుల ఇళ్లలో అందరూ ఎదురుచూసేది కరువు భత్యం, అంటే డీఏ. కేంద్ర ఉద్యోగులకు 2025 జూలై 1 నుంచి డీఏ 55 శాతం నుంచి 58 శాతానికి పెరిగింది. దీన్ని అందరూ 3 శాతం జీతం పెంపుగానే చెప్పుకున్నారు. కానీ డీఏ లెక్క మూలవేతనం మీదే. మూలవేతనం రూ.40,000 అనుకుంటే అంతకుముందు మూలవేతనం, డీఏ కలిపి రూ.62,000, ఆ తర్వాత రూ.63,200. పెరిగింది రూ.1,200, అంటే అప్పటిదాకా వస్తున్న మొత్తం మీద 2 శాతం కూడా కాదు. ఇంటి ఖర్చు ఎంత శాతం పెరిగిందో చూసేటప్పుడు పక్కన పెట్టవలసింది ఈ రెండో అంకెను.

రాష్ట్ర ఉద్యోగులకు మరో జాగ్రత్త అవసరం. ఉత్తర్వు వచ్చిన తేదీ వేరు, అది వర్తించే తేదీ వేరు, డబ్బు చేతికొచ్చే తేదీ వేరు. బకాయిలను కొన్నిసార్లు పీఎఫ్ ఖాతాలో జమచేస్తారు, కొన్నిసార్లు వాయిదాల్లో చెల్లిస్తారు. అందువల్ల బకాయి మొత్తాన్ని ప్రకటన వినగానే ఖర్చుల లెక్కలోకి తీసుకోకండి, ఖాతాలో పడిన నెలలోనే రాసుకోండి. రాని బకాయిని నమ్ముకుని తెచ్చిన అప్పు వడ్డీ, ఆ బకాయిలో కొంత భాగాన్ని ముందే తినేస్తుంది.

కూలి మీద బతికే ఇళ్లకు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఉపాధి హామీ పథకంలో రెండు తెలుగు రాష్ట్రాలకూ 2024-25లో రోజుకు రూ.300 ఉన్న వేతనం 2025-26లో రూ.307 అయింది. వంద రోజుల పని పూర్తిగా దొరికినా ఏడాదికి అదనంగా వచ్చేది రూ.700. అదే ఇంట్లో ఏడాదికి ఆరు గ్యాస్ బండలు వాడితే, బండకు రూ.50 చొప్పున పెరిగిన ధర రూ.300 తీసుకుపోతుంది. మిగిలిన రూ.400తోనే ఏడాది పొడవునా నూనె, పప్పుల ధరల్లో వచ్చే తేడాను భరించాలి. పైగా ఆ వేతనం చేసిన పనిని కొలతవేసి ఇచ్చేది కాబట్టి ఎండాకాలంలో గట్టి నేల తవ్విన రోజున పూర్తి మొత్తం పడకపోవచ్చు. లెక్క రాసేటప్పుడు ప్రకటించిన కూలిని కాకుండా, ఖాతాలో పడిన మొత్తాన్ని పనిచేసిన రోజులతో భాగించి వచ్చిన అంకెను రాయండి.

దుకాణాలు, కర్మాగారాలు, హోటళ్లలో పనిచేసేవారికి కనీస వేతనంలో ధరల సూచీని బట్టి మారే భాగం ఒకటి ఉంటుంది. అది సాధారణంగా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో మారుతుంది. కార్మిక శాఖ ఆ ప్రకటన చేసిన తర్వాత కూడా జీతం చీటీలో ఆ అంకె కదలకపోతే యజమానిని అడిగే హక్కు ఉద్యోగికి ఉంది.

ఆదాయపు పన్ను: రూ.12 లక్షల గీత దగ్గర జాగ్రత్త

2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో (పాత విధానంలోని చాలా మినహాయింపులు ఇందులో ఉండవు) రూ.4 లక్షల వరకు పన్ను లేదు. ఆపై రూ.8 లక్షల వరకు 5 శాతం, రూ.12 లక్షల వరకు 10, రూ.16 లక్షల వరకు 15, రూ.20 లక్షల వరకు 20, రూ.24 లక్షల వరకు 25, ఆపైన 30 శాతం. పన్ను వేయదగిన ఆదాయం రూ.12 లక్షలు దాటకపోతే, లెక్క ప్రకారం వచ్చే పన్నును రిబేటు కింద రూ.60,000 వరకు పూర్తిగా మాఫీ చేస్తారు. జీతగాళ్లకు రూ.75,000 ప్రామాణిక తగ్గింపు కూడా ఉంది కాబట్టి ఏడాదికి రూ.12,75,000 జీతం దాకా పన్ను పడదు.

ఎవరికి ఎంత మిగిలిందో రెండు ఉదాహరణలు చాలు. ఏడాదికి రూ.12 లక్షల జీతం ఉన్న ఉద్యోగి అంతకుముందు ఏడాది కొత్త విధానంలోనే సెస్సుతో కలిపి రూ.71,500 కట్టవలసి ఉండేది. 2025-26లో ఏమీ కట్టనక్కరలేదు. అంటే నెలకు దాదాపు రూ.6,000 మిగులు. ఏడాదికి రూ.7 లక్షల జీతం ఉన్న ఉద్యోగికి అప్పుడూ సున్నాయే, ఇప్పుడూ సున్నాయే. మీరు ఈ రెండో వర్గంలో ఉంటే ఆదాయపు పన్ను పద్దులో సున్నా రాసి ముందుకు సాగండి, మీ లాభనష్టాలు మూడో పేజీలో ఉన్నాయి.

గీతకు కాస్త అటూ ఇటూ ఉన్నవారు మాత్రం ఇక్కడ ఒక అరగంట గడపాలి. రూ.12,75,000 జీతం ఉన్న వ్యక్తికి ఏడాదికి రూ.50,000 పెరిగిందనుకోండి. పన్ను వేయదగిన ఆదాయం రూ.12,50,000 అవుతుంది. శ్లాబుల ప్రకారం పన్ను రూ.67,500. అయితే గీత దాటిన మొత్తం కంటే పన్ను మించకూడదన్న మార్జినల్ రిలీఫ్ నియమం వల్ల అది రూ.50,000కు తగ్గుతుంది. దానిపై 4 శాతం సెస్సు కలిపితే రూ.52,000. పెరిగిన జీతం రూ.50,000, పెరిగిన పన్ను రూ.52,000! ఆ పెంపు వల్ల ఇంటికి అదనంగా ఏమీ రాకపోగా రూ.2,000 చేతినుంచి పోతుంది. పన్ను వేయదగిన ఆదాయం సుమారు రూ.12,74,000 దాటేదాకా ఇదే పరిస్థితి.

దీనికి చట్టబద్ధమైన ఉపాయం ఉంది. ఉద్యోగి తరఫున యజమాని జాతీయ పింఛను పథకంలో, అంటే ఎన్‌పీఎస్‌లో జమచేసే మొత్తానికి, మూలవేతనం, డీఏ కలిపిన మొత్తంలో 14 శాతం దాకా, కొత్త విధానంలోనూ మినహాయింపు దొరుకుతుంది. పైన చెప్పిన వ్యక్తి తన జీతంలో రూ.50,000 ఆ రూపంలో జమయ్యేలా సంస్థను కోరితే పన్ను వేయదగిన ఆదాయం మళ్లీ రూ.12 లక్షలకు వస్తుంది, పన్ను సున్నా అవుతుంది, ఆ రూ.50,000 పింఛను ఖాతాలో ఉంటుంది. ఆ డబ్బు ఉద్యోగ విరమణ దాకా తేలికగా తీయడానికి రాదన్నది నిజమే. అయినా పన్నుగా పోవడం కంటే అక్కడ ఉండడం మేలన్నది నా అభిప్రాయం. ఈ అభ్యర్థన ఆర్థిక సంవత్సరం మొదట్లోనే చేయాలి. మార్చిలో అడిగితే చాలా సంస్థలు ఒప్పుకోవు.

మరొక మాట, ఇది నేను గట్టిగానే చెబుతాను. జనవరి నుంచి మార్చి దాకా పన్ను ఆదా పేరుతో పాలసీలు అమ్మేవారు ఇంటి గుమ్మం దాకా వస్తారు. బీమా ప్రీమియం, పొదుపుల వంటివాటికి రూ.1.5 లక్షల వరకు ఇచ్చే 80సి మినహాయింపు పాత విధానంలోనే పనిచేస్తుంది. జీతం రూ.12,75,000 లోపు ఉండి, వేరే ఆదాయం లేని ఇంటికి కొత్త విధానంలో పన్నే లేనప్పుడు, పన్ను ఆదా కోసం కొత్తగా పాలసీ కొనడానికి కారణమే లేదు. కుటుంబానికి రక్షణ కావాలంటే ఆ అవసరాన్ని బట్టి కొనాలి. పాత విధానంతో పోల్చి చూడవలసినవారు అంతకంటే పై ఆదాయం ఉండి, గృహరుణ వడ్డీ, ఇంటి అద్దె భత్యం, 80సి, ఆరోగ్య బీమా అన్నీ నిజంగా ఉన్నవారు.

షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అమ్మి లాభం పొందినవారు రిబేటును నమ్ముకోకూడదు. షేర్ల మీద స్వల్పకాలిక లాభాలపై 20 శాతం, రూ.1.25 లక్షలకు మించిన దీర్ఘకాలిక లాభాలపై 12.5 శాతం వేసే ప్రత్యేక పన్నుకు ఆ రిబేటు వర్తించదు. అలాగే పన్ను సున్నా అయినంత మాత్రాన రిటర్ను దాఖలు చేయనక్కరలేదని అనుకోకండి. కొత్త విధానంలో మొత్తం ఆదాయం రూ.4 లక్షలు దాటితే రిటర్ను వేయాలి.

జీతం కొద్దిగా పెరిగి గీత దాటినప్పుడు

చిన్న జీతాలవారికి ఆదాయపు పన్ను గీత కంటే దగ్గరలో ఉండే గీతలు వేరే ఉన్నాయి. వాటి గురించి పత్రికలు రాయడం తక్కువ, అందుకే ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

మొదటిది వృత్తి పన్ను. రెండు రాష్ట్రాల్లోనూ నెలకు రూ.15,000 వరకు లేదు. ఆపై రూ.20,000 వరకు రూ.150, అది దాటితే రూ.200. ఈ భారం చిన్నదే.

రెండోది ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. ఇది చిన్న విషయం కాదు. నెల వేతనం రూ.21,000 వరకు ఉన్న ఉద్యోగి తన వంతుగా 0.75 శాతం, యజమాని 3.25 శాతం చెల్లిస్తారు. రూ.20,500 వేతనం మీద ఉద్యోగికి కోతపడేది నెలకు సుమారు రూ.154. ఆ మాత్రం కోతతో ఇంటిల్లిపాదికీ వైద్యం, జబ్బుపడిన రోజులకు నగదు, ప్రసూతి సెలవు జీతం దొరుకుతాయి. వేతనం రూ.1,000 పెరిగి రూ.21,500 అయిందంటే, ఆ కోత కాలం ముగిసిన తర్వాత ఆ కుటుంబం ఈఎస్ఐ పరిధి దాటిపోతుంది. కోత కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటి. ఏప్రిల్-సెప్టెంబరు కోతకు ప్రయోజనం తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా, అక్టోబరు-మార్చి కోతకు జూలై నుంచి డిసెంబరు దాకా అందుతుంది. అంటే పరిధి దాటిన వెంటనే వైద్యం ఆగిపోదు, కొన్ని నెలల గడువు ఉంటుంది. ఆ గడువులోనే కుటుంబ ఆరోగ్య బీమా తీసుకోవాలి. పెరిగిన రూ.1,000లో ఎంత ఆ ప్రీమియానికి పోతుందో తీసివేశాకే జీతం ఎంత పెరిగిందో చెప్పగలం. ఇంట్లో మధుమేహం, గుండెజబ్బు ఉన్న పెద్దలు ఉంటే ఈ తీసివేత తర్వాత మిగిలేది సున్నా కంటే తక్కువ కావచ్చు.

మూడోది రేషన్ కార్డు. తెలంగాణలో గ్రామాల్లో ఏడాదికి రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు ఆదాయ పరిమితి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాల్లో నెలకు రూ.10,000, పట్టణాల్లో రూ.12,000. ఆ కార్డుతో ముడిపడి మరికొన్ని పథకాలు ఉంటాయి కాబట్టి, ఇంట్లో ఒకరి జీతం పెరిగినప్పుడు బియ్యంతో పాటు ఇంకేమి మారతాయో నాలుగో పేజీలో ముందే రాసి పెట్టుకోండి.

కొత్త కార్మిక స్మృతుల (లేబర్ కోడ్‌ల) సంగతి కూడా ఇక్కడే చూడాలి. నాలుగు స్మృతులు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం భత్యాల పేరుతో మొత్తం పారితోషికంలో సగానికి మించి చూపితే, మించిన భాగాన్ని వేతనంగానే లెక్కిస్తారు. మీ సంస్థ ఇంతవరకు రూ.50,000లో రూ.15,000 మాత్రమే మూలవేతనంగా చూపుతూ ఉంటే అది రూ.25,000 కావచ్చు. సంస్థ పూర్తి వేతనం మీద 12 శాతం పీఎఫ్ కోసేదైతే మీ వంతు కోత రూ.1,800 నుంచి రూ.3,000కు పెరుగుతుంది. యజమాని వాటా కూడా మీ మొత్తం ప్యాకేజీలోనే లెక్కగట్టి ఉంటే చేతికొచ్చేది మరో రూ.1,200 తగ్గవచ్చు. చట్టం విధించిన రూ.15,000 పరిమితి మీదే కోసేదైతే ఏ మార్పూ ఉండదు. మీ సంస్థ ఏ పద్ధతి పాటిస్తుందో ఉత్తరం రాసి అడగండి. కోత పెరిగితే ఆ డబ్బు మీ పీఎఫ్ ఖాతాలోనే పడుతుంది కాబట్టి దాన్ని నష్టంగా రాయకండి. అయితే ఇంటి అద్దె, వాయిదాలు కట్టాల్సిన నెలలో అది చేతిలో ఉండదన్న నిజాన్ని మరవకూడదు.

ఖర్చు పెట్టే చోట

జీఎస్టీ రేట్లను నిర్ణయించేది జీఎస్టీ మండలి. బడ్జెట్ రోజున వాటి కోసం వెతకడం వృథా. 2025 సెప్టెంబరు 3న జరిగిన 56వ సమావేశం తర్వాత ఆ నెల 22 నుంచి ప్రధానంగా 5, 18 శాతం రేట్లు మిగిలాయి. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె 18 నుంచి 5కు, నెయ్యి, వెన్న 12 నుంచి 5కు, సిమెంటు, ఏసీలు, 350 సీసీ లోపు బైకులు 28 నుంచి 18కి తగ్గాయి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియాల మీద పన్ను పూర్తిగా పోయింది.

ఇక్కడ కూడా శాతాల లెక్క జాగ్రత్తగా చేయాలి. 18 శాతం పన్నుతో కలిపి రూ.118 ఉన్న వస్తువు 5 శాతం పన్నుతో రూ.105 కావాలి, అంటే ధర 11 శాతం తగ్గాలి. మీరు రోజూ కొనే అయిదారు వస్తువుల పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి చూడండి. ధర తగ్గకుండా ప్యాకెట్ బరువు మారి ఉంటే, గ్రాముకు ఎంత పడుతోందో లెక్కగట్టండి. బియ్యం కొనేటప్పుడు, ముందే ప్యాక్ చేసి ముద్రవేసిన 25 కిలోల వరకు ఉన్న బస్తా మీద 5 శాతం జీఎస్టీ ఉంటుందనీ అంతకు మించిన బస్తా మీద ఉండదనీ గుర్తుంచుకుంటే 26 కిలోల బస్తాలు ఎందుకు వచ్చాయో అర్థమవుతుంది. పన్ను కాక ఏడాదికి రూ.25,000 ఆరోగ్య బీమా ప్రీమియం కట్టే ఇంటికి, అంతకుముందున్న 18 శాతం పన్ను పోవడంతో రూ.4,500 మిగులు, నెలకు రూ.375. సబ్బుల మీద మిగిలే దానికంటే ఇది ఎక్కువే. అయితే సంస్థలు తీసుకునే బృంద బీమాకు ఈ మినహాయింపు లేదు.

పెట్రోలు, డీజిల్ జీఎస్టీలో లేవు. వాటి మీద కేంద్రం ఎక్సైజు సుంకం, రాష్ట్రం వ్యాట్ వేస్తాయి. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. కేంద్రం సుంకాన్ని పెంచినా ప్రతిసారీ బంకులో ధర మారదు. 2025 ఏప్రిల్‌లో లీటరుకు రూ.2 పెంచినప్పుడు చమురు సంస్థలే ఆ భారాన్ని భరించాయి. అందువల్ల వార్త కాకుండా బంకు రసీదే ఆధారం. కరెంటు ఛార్జీలు విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వుల్లో ఉంటాయి. బిల్లులో యూనిట్ ధరతో పాటు ఇంధన సర్దుబాటు వరుసను కూడా విడిగా రాసుకోండి.

తిరిగి వచ్చేది వదులుకోవద్దు

బ్యాంకు వడ్డీ మీద మూలంలో పన్ను కోత (టీడీఎస్) పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి రూ.50,000 నుంచి రూ.1 లక్షకు, ఇతరులకు రూ.40,000 నుంచి రూ.50,000కు పెరిగింది. పింఛనుతో, డిపాజిట్ వడ్డీతో బతికే అమ్మానాన్నల పాసుపుస్తకం తీసి, పరిమితి లోపు వడ్డీకి కూడా కోత పడిందేమో పిల్లలే చూడాలి. చాలామంది పెద్దవారికి ఆ వరుస అర్థం కాదు, అడగడానికి మొహమాటపడతారు. కోత పడి ఉంటే, పన్ను కట్టే ఆదాయం లేకపోయినా రిటర్ను వేసి ఆ డబ్బు వాపసు తెచ్చుకోవచ్చు. పిల్లల చదువుకు విదేశాలకు డబ్బు పంపే ఇళ్లకు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను (టీసీఎస్) పరిమితి అదే తేదీ నుంచి రూ.7 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెరిగింది, గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యారుణం నుంచి పంపే మొత్తానికి ఆ వసూలే లేదు. వసూలైన మొత్తాన్ని కూడా రిటర్నులో పన్నుకు జమగా చూపవచ్చు.

ఇక డీఏ లేదా వేతన సవరణ బకాయిలు ఒకేసారి వచ్చి, ఆ ఏడాది ఆదాయం పైశ్లాబులోకి వెళ్లినవారి మాట. ఆ బకాయి ఏ ఏళ్లకు చెందిందో ఆ ఏళ్ల లెక్కలో చూపి, ఎక్కువైన పన్నుకు సెక్షన్ 89 కింద ఉపశమనం పొందవచ్చు. 2025-26 ఆదాయానికి ఇందుకు వాడేది ఫారం 10ఈ. దాన్ని ఆన్‌లైన్‌లో రిటర్ను కంటే ముందే దాఖలు చేయాలి. వెనక పడితే ఉపశమనాన్ని తిరస్కరించి నోటీసు పంపుతారు. బకాయి ఉత్తర్వు ప్రతి, ఏ నెలకు ఎంత అన్న పట్టిక మీ కార్యాలయం నుంచి ఏప్రిల్, మే నెలల్లోనే తీసుకుంటే, జూలై 31 గడువుకు ముందు పరుగులు పెట్టవలసిన పని ఉండదు.